ప్లగ్గు మీద పసుపు వేళ్లు

త్రివేణికి అనుమానం పుట్టుకతో వచ్చింది కాదు. భీమ్‌గల్‌ నుంచి ఆర్మూర్‌కు కోడలిగా వచ్చిన కొత్తలో ఎవరేం చెప్పినా నమ్మేది. భర్త శ్రవణ్‌కుమార్‌ ఆమెకు కంప్యూటర్‌ మీద తెలుగు టైపింగ్‌ నేర్పి, మార్కెట్‌కు పోయే దారిలో అన్నదమ్ముల ఉమ్మడి ఒంటి షట్టర్‌ గదిలో కార్డుల దుకాణం పెట్టాడు. పెండ్లి పత్రికలు, గృహప్రవేశాలు, దినాల కార్డులు. ఆమె చేతిలో అక్షరం తప్పు పోదని పేరు వచ్చింది. రెండేళ్ల కింద గుండె ఆగి శ్రవణ్‌ పోతే, అతని దశదిన కర్మ కార్డు కూడా ఆమే కూర్చుని కంపోజ్‌ చేసింది. వేరేవాళ్లకిస్తే పేరులో ఒత్తు ఎక్కడ పోతుందోనని భయం.

అనుమానం ఆ తర్వాత మొదలైంది. శ్రవణ్‌ స్నేహితుడొకడు కాగితం కోసే మిషన్‌ను రెండు రోజులకని తీసుకుపోయాడు. ఏడాదిన్నర అయినా ఆ రెండు రోజులు పూర్తి కాలేదు. అప్పటి నుంచి కత్తెర మీద కూడా మార్కర్‌తో తన పేరు రాసుకుంది. కార్డుల కట్టలకు తనకు మాత్రమే తెలిసిన ముడి వేసేది.

ఆ మాఘమాసంలో ఆమె అనుమానానికి పెద్ద పనే పడింది. ల్యాప్‌టాప్‌కు తగిలించిన కీబోర్డు, మౌసు, ప్రింటరు ఉన్నట్టుండి పనిచేయడం మానేసేవి. ల్యాప్‌టాప్‌ సొంత మీటలు ఎప్పుడో చాయ ఒలికి చచ్చిపోయాయి కాబట్టి, బయటి కీబోర్డు ఆగితే దుకాణమే ఆగినట్టు. వైరు పీకి మళ్లీ పెడితే లేచేవి. నాలుగు నిమిషాలు కార్డు చూసుకుంటూ చెయ్యి తీస్తే మళ్లీ పడుకునేవి. ముద్రణ మధ్యలో ప్రింటరు ఆగి, పెండ్లికూతురు పేరు సగమే పడిన కార్డులు బుట్టలో చేరాయి. చెప్పిన వేళకు ఇవ్వలేక రెండు పెండ్లిండ్ల పని నిజామాబాద్‌కు పోయింది.

మరిది రాజేశ్‌ అప్పటికే ఒక మాట అన్నాడు. "వదినె, సెల్‌ఫోన్ల షాపాయన గది అడుగుతుండు. నీకు పని నడుస్తలేదాయె. పెర్కిట్‌ దేవన్న బిడ్డ పెండ్లి కార్డులన్న గురువారంకల్ల ఇయ్యి. అవి గూడ పోతె, ఒకటో తారీఖు నుంచి గది ఆయనకిద్దాం."

అంటే చేతిలో మూడు వందల కార్డులు, ఐదు రోజులు. ఆ కార్డులు పోతే దుకాణం పోయినట్టే.

శ్రవణ్‌ దోస్తుల్లో త్రివేణి ఇంకా ఫోన్‌ చేసే మనిషి గంగాప్రసాద్‌ ఒక్కడే. నిజామాబాద్‌లో ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తాడు. శ్రవణ్‌తో కలిసి ఆ పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్‌ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ ఎక్కించింది అతనే.

"కీబోర్డు మార్చి చూసినవా?"

"పక్క దుకాణం కీబోర్డు తెచ్చి పెట్టిన అన్నా. అదీ గంతె."

"వైరు వేరే రంధ్రంల పెట్టినవా?"

"అన్నిట్ల పెట్టిన."

"ఒక్కటే పోతే దాని తప్పనుకోవచ్చు. అన్నీ ఒక్కపారి పోతున్నయంటే వాటి తప్పు గాదు, మిషన్‌ తప్పన్న కావాలె, కరెంటు సంగతన్న కావాలె. అవి పోయినప్పుడు మిషన్‌ బ్యాటరీ మీద ఉంటున్నదా, చార్జర్‌ మీదనా?"

"చార్జర్‌ ఎప్పటికీ పెట్టే ఉంటది. నేను తియ్యనే తియ్య."

"అయితే టైం రాసి పెట్టు. ఎప్పుడు పోతున్నయి, ఎప్పుడు వస్తున్నయి. మిషన్‌ గూడ లోపల రాసుకుంటది, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం."

గోడ మీది క్యాలెండర్‌ గళ్లలో త్రివేణి టైములు రాయసాగింది. మూడు రోజులకు ఆమె కళ్లకు కనబడింది ఒక్కటే. పదకొండు దాటాక, సరిగ్గా పని ముదిరే వేళకు పోతున్నాయి. ఒంటిగంటకు బాగవుతున్నాయి. పదకొండుకు రాజేశ్‌ బండి మీద తల్లిని తెచ్చి దింపుతాడు. ఒంటిగంటకు తీసుకుపోతాడు.

అత్త లసుమవ్వ రోజూ వచ్చి కాగితాల రాక్‌ వెనకాల పరదా చాటున కొడుకు ఫొటో ముందు కాసేపు కూర్చునేది. రాజేశ్‌ ఆమెకు కుర్చీ వేసే వంకతో రాక్‌ దాకా వచ్చేవాడు. వస్తూ పోతూ బల్ల మీద చెయ్యి ఆనించేవాడు. ఇప్పుడు ఆ చెయ్యి తప్ప త్రివేణికి ఇంకేదీ కనబడలేదు.

మంగళవారం అడిగేసింది. "రాజేశ్‌, నువ్వొచ్చినంకనే గివన్నీ ఎందుకు బందయితయి?"

"నాకేం ఎరుక వదినె. నాకు సెల్లుల మెసేజ్‌ కొట్టుడే రాదు."

"రానోళ్లకే అన్నీ వస్తయి."

రాజేశ్‌ ఆమె దిక్కు చూశాడు. "గది కోసం గింత పని చేస్తననుకున్నవా?" అని గడప దిగి పోయాడు.

మాట అన్నంత మాత్రాన ఆమె అనుమానం తగ్గలేదు. సాక్ష్యం కావాలి. బుధవారం పొద్దున ఇంటి నుంచి గిర్నీ పట్టించిన పసుపు పొట్లం తెచ్చింది. ఊరంతా పండించే పసుపును దొంగను పట్టడానికి వాడాలని ఆమెకు ఎట్లా తోచిందో గాని, పల్చటి గుడ్డలో కట్టి, ల్యాప్‌టాప్‌ చుట్టూ బల్ల మీద, వైర్ల మీద, రాక్‌ పక్కనున్న కరెంటు బోర్డు మీద కంటికి ఆనీ ఆననట్టు చల్లింది. ఎవరి చెయ్యి తగిలినా గుర్తు పడుతుంది. పదకొండుకు రోడ్డు అవతలి చాయ హోటల్లో కూర్చుంది.

రాజేశ్‌ వచ్చాడు. తల్లిని దింపాడు. నిన్నటి మాట మనసులో ఉండి, గడప ఎక్కలేదు. బండి మీదనే కూర్చుని సెల్లు చూసుకున్నాడు. లసుమవ్వ ఒక్కతే లోపలికి పోయింది. త్రివేణి చాయ చల్లారేదాకా కన్నార్పకుండా చూసి, లేచి వచ్చింది.

కీబోర్డు పనిచేయడం లేదు.

బల్ల మీద పసుపు చల్లింది చల్లినట్టే ఉంది. బండి మీద రాజేశ్‌ ఉన్నచోటే ఉన్నాడు. త్రివేణి బల్ల వెనక్కి వచ్చింది. వంగి వైరు వెంట చూస్తూ పోయింది. రాక్‌ దగ్గర చార్జర్‌ ప్లగ్గు నేల మీద పడి ఉంది. దాని తెల్లటి ఒంటి మీద రెండు వేళ్ల అచ్చులు, పసుపువి. బోర్డులో ఉన్నవే రెండు రంధ్రాలు. ఒకదాంట్లో ప్రింటరు ప్లగ్గు బిగుసుకుని ఉంది. రెండోదాంట్లోంచి సన్నటి ఎర్రవైరు పరదా వెనక్కి పోయింది.

పరదా తీసింది. శ్రవణ్‌ ఫొటో ముందు ప్లాస్టిక్‌ ప్రమిదలో చిన్న బల్బు మంట లెక్క అల్లాడుతోంది. లసుమవ్వ రెండు వేళ్లూ చీర కొంగుకు తుడుచుకుంటోంది.

"బోర్డు మీద గింత పసుపేందే? గిర్నీ లెక్కున్నది."

"అత్తమ్మా, గీ దీపం ఎప్పటి నుంచి పెడుతున్నవ్‌?"

"నువ్వే గదనె, కాయిదాలున్నయి, నూనె దీపం వద్దంటివి. అంగట్ల దొరికింది, తెచ్చిన. పొయ్యేటప్పుడు మళ్ల నీ వైరు నీకు పెట్టే పోతున్న గద. ఒక్కనాడన్న మర్చిన్నా?"

మర్చిపోలేదు. ఒంటిగంటకు పెట్టేది. క్యాలెండర్‌ గళ్లలో ఉన్నదంతా అదే. త్రివేణి సెల్లు తీసుకుంది. బయటికి వచ్చి గంగాప్రసాద్‌కు ఫోన్‌ చేసి సంగతి చెప్పింది.

"నేనదే అడిగిన గద మొదలే," అన్నాడతను. "బ్యాటరీ మీదికి పోతే చార్జింగ్‌ మిగిలేటందుకు, వాడని వాటిని పండబెట్టే సెట్టింగున్నది. కొన్ని పండుకుంటె మళ్ల లెవ్వయి. శ్రవణ్‌ పెట్టిందే అయ్యుంటది. చార్జర్‌ పెట్టి, ఆ సెట్టింగుండే ఫైలు తెరువు, చెప్త."

ముందు పోయి చాయ హోటలాయన ఎక్స్‌టెన్షన్‌ బోర్డు అడిగి తెచ్చింది. దీపం వెలుగుతూనే చార్జర్‌కు చోటు దొరికింది. అతను ఒక్కొక్క అక్షరం చెబుతుంటే ఫైలు తెరిచింది. అన్నీ ఇంగ్లిష్‌ ముక్కలు. మధ్యలో ఒకచోట, ఇంగ్లిష్‌ అక్షరాలతోనే రాసిన తెలుగు వాక్యం. కరెంటు పోయినా త్రివేణి పని ఆగొద్దు. దాని కిందనే ఆ సెట్టింగు, ఒకటి అంకెతో.

"దొరికిందా? ఒకటి తీసి సున్న పెట్టు. పైన శ్రవణ్‌ ఏమన్న రాసి ఉంటె తీసెయ్యొచ్చు, అది మనుషులు చదివేటందుకే, మిషన్‌ చదవదు."

"ఉండనియ్యన్నా," అంది త్రివేణి. అంకె ఒక్కటే మార్చింది.

ల్యాప్‌టాప్‌ ఆపి మళ్లీ తెరిచింది. చార్జర్‌ పీకి, కావాలనే పావుగంట చేతులు ముడుచుకు కూర్చుంది. మౌసు కదిలిస్తే కదిలింది. ఆ రోజు పొద్దుగూకేసరికి మూడు వందల కార్డులూ పడ్డాయి. రెండుసార్లు లెక్కబెట్టి, డబ్బాలో సర్ది, తన ముడి వేసింది.

గురువారం పదకొండుకు రాజేశ్‌ బండి ఆపి తల్లిని దింపాడు. గడప ఎక్కలేదు.

"లోపలికి రా," అంది త్రివేణి. "అత్తమ్మకు కుర్చీ ఎవరేస్తరు?"

అతను వచ్చి కుర్చీ వేశాడు. బల్లకు చెయ్యి తగలకుండా పక్కకు నడిచాడు. అది చూసి ఆమె తల దించుకుంది.

"నువ్వు కాదు. నేనన్నది తప్పు."

"మరెవరు?"

ఆమె పరదా దిక్కు చూసి గొంతు తగ్గించింది. "ఎవరో ఒకరు. బాగైంది తియ్యి. కార్డులు తయారున్నయి."

"ఇయ్యి, పెర్కిట్‌కే పోతున్న. దేవన్నకిచ్చి వస్త."

త్రివేణి చెయ్యి డబ్బా మీదనే ఉండిపోయింది. కాగితం కోసే మిషన్‌ గుర్తుకు వచ్చింది. కాసేపటికి చెయ్యి తీసింది. రాజేశ్‌ డబ్బాను బండి ముందర పెట్టుకుని పోయాడు.

అరగంట ఆగి దేవన్నకు ఫోన్‌ చేసింది.

"అందినయమ్మా," అన్నాడు దేవన్న. "లెక్కబెడుతున్నం. మీ మరిది ఈడనే నిలబడ్డడు. వదినె ఫోన్‌ చేస్తది, లెక్క తేలేదాక కదలనంటున్నడు."

వెనక నుంచి రాజేశ్‌ గొంతు వినబడింది. "ముడి గూడ నేను విప్పలేదని చెప్పు దేవన్నా. సెల్‌ఫోన్లాయనకు గది లేదని చెప్పిననని గూడ చెప్పు."

"సరె," అంది త్రివేణి. "లెక్క కానియ్యండి. నేను లైన్ల ఉంట."