నాలుగు వేళ్ళ అడుగు

మా మఠం స్థాపించిన పెద్దయ్యగారి చరిత్రలో పన్నెండేళ్ళు ఖాళీ. పందొమ్మిదో ఏట ఇల్లు వదిలారు, ముప్ఫై ఒకటో ఏట రాజమండ్రి గోదావరి గట్టున కనిపించారు. మధ్యకాలం హిమాలయాల్లో గడిపారనీ, ఎడమకాలి చిటికెనవేలు అక్కడి మంచుకే పోయిందనీ పెద్దలు చెప్పారు. ఆ నాలుగు వేళ్ళ పాదముద్రకే మఠంలో పూజ. కొత్త పుస్తకానికి ఆ పన్నెండేళ్ళ అధ్యాయం నన్ను రాయమన్నారు. ముప్ఫై ఏళ్ళు బడిలో సోషల్ చెప్పినదాన్ని, ఆధారం లేకుండా ఒక్క వాక్యం రాయడం నాకు చేతకాదు. ఈలోగా మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ మఠం కేలెండరు మీది పాదముద్ర చూసి, "ఈ అడుగు మా లంకలో పడతదండి" అంది.

మర్నాడు ఉదయం 6:40కి రాజమండ్రి కోటిపల్లి బస్టాండులో రావులపాలెం బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు. ధవళేశ్వరం దాటేదాకా కిటికీలో మంచే తప్ప గోదావరి కనబడలేదు. పక్కావిడతో గోదావరి మధ్యలో ఉన్న ఆ లంక పేరు చెప్పాను.

"పేరంటాలమ్మ దగ్గరికాండి? మా అమ్మాయి పెళ్ళికి ముందు వెళ్ళొచ్చాం" అంది.

భర్త ఉండగా పసుపు కుంకుమలతో పోయిన ఇల్లాలిని మావైపు పేరంటాలని కొలుస్తారు.

8:10కి రావులపాలెం. పెసరట్టు తిని, ఆటోలో గట్టుదాకా వెళ్ళి, 9:30కి ఇంజను పడవ ఎక్కాను. రేవులో పేరంటాలమ్మ ఎక్కడని ఎవరిని అడిగినా ఒకే ఇల్లు చూపించారు. అరుగు మీద ఎనభై దాటిన సూరమ్మగారు వల బాగుచేస్తున్నారు. పెరట్లో పసుపు రాసిన రాయి, చీర, గాజులు. ఆ పేరంటాలు ఈవిడ తల్లే.

పుస్తకం సంగతి చెప్పి, పెద్దయ్యగారి ఫొటో చూపించాను. కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశారు.

"మా నాన్నేనండి. పన్నెండేళ్ళు ఇక్కడే వలేశాడు. వేలు వలతాడుకి చిక్కి తెగిపోయింది. నా ఏడో ఏట వల ఆరేసి, రేవు దాటి పోయాడు."

"అమ్మగారు పోయి ఎన్నాళ్ళయింది?"

"ముప్ఫై ఆరేళ్ళండి."

మనసులో లెక్క వేశాను. పెద్దయ్యగారు సమాధి అయింది అంతకు రెండేళ్ళ ముందు. ఆ మాట నేను బయటపెడితే పెరట్లో రాయికి పసుపు ఎవరు రాస్తారు? ఫొటో సంచిలో పెట్టేసుకున్నాను.

"నాన్న ఎప్పుడు చనిపోయాడో చెప్పడానికి మొహమాటపడుతున్నారు కదమ్మా. నాగుల చవితి నాడు, పొద్దు వాలే వేళ" అన్నారావిడ.

మేం ఏటా ఆరాధన చేసే రోజే అది. ఈ లంకకి ఎవరు చెప్పారని అడిగాను.

"ఆ పొద్దే మొదటిసారి వచ్చాడండి. అమ్మ అడుగులు చూసి కంచం పెట్టింది. మొగుడు ఇంటికొచ్చాక బొట్టు ఎందుకు తీస్తానంది." వల పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకున్నారు. "పుస్తకంలో పడితే జనం వస్తారు. జనం కోసమే ఒకసారి పోయాడు. మళ్ళీ తీసుకెళ్ళకండమ్మా."

నేనేమీ మాట ఇవ్వలేదు.

ఆఖరి పడవ 5:45కి. అయిదు దాటాక ఆవిడ అరుగు మీద కంచంలో అన్నం, చేపల పులుసు పెట్టి లోపలికి వెళ్ళారు. వాకిట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. మెట్టు దగ్గర, పొడిగా ఉన్న మట్టి మీద, తడి అడుగు పడింది. తర్వాత ఇంకొకటి. రెండోది ఎడమకాలిది, నాలుగే వేళ్ళు. నాకు భయమేసింది. ముప్ఫై ఏళ్ళుగా మొక్కిన పాదమే, అయినా చేతులు కలవలేదు. అడుగులు కంచం దగ్గర ఆగాయి.

లోపల్నుంచి సూరమ్మగారు మామూలుగా అడిగారు. "ఉప్పు సరిపోయిందా నాన్నా?"

నేను రేవుకి దాదాపు పరుగెత్తాను.

తిరుగు బస్సులో నోట్‌బుక్ తీసి, "పన్నెండేళ్ళు హిమాలయాల్లో తపస్సు చేశారు" అని రాశాను. ఆధారం లేకుండా నేను రాసిన మొదటి వాక్యం అదే. వెళ్ళాలనుకునేవారు మన్నించాలి. రావులపాలెం తర్వాత దారి చెప్పను, పెద్దయ్యగారన్నదీ అసలు పేరు కాదు.

మఠం ముందు ఆటో దిగేసరికి రాత్రి హారతి అవుతోంది. పాదముద్ర చుట్టూ జనం నిలబడి గొంతెత్తి ఆయన్ని రమ్మని పాడుతున్నారు. గేటు దగ్గరే ఆగిపోయాను. భోజనం మధ్యలో ఆయన్ని లేపడం నాకిష్టం లేకపోయింది.