ఒకే ప్రతి 'జీడిపూత'

మా గణపతిరావు అన్నం లేకపోయినా ఉండగలడు గాని, పక్కవాణ్ణి మెచ్చుకుంటుంటే ఉండలేడు.

విజయనగరం కాలేజీలో మా ఇద్దరిదీ ఒకే గది. అరవై ఎనిమిదిలో మా విద్యార్థుల పత్రిక 'జీడిపూత'కి యూనివర్సిటీ సాయం ఆగిపోయింది. అచ్చు లేదు, కాగితమూ లేదు. తక్కినవాళ్లు పోతే పోయిందని పరీక్షల పుస్తకాలు తీశారు. సంపాదకుడు గణపతిరావు మాత్రం లిఖిత పత్రికగా నడుపుదామన్నాడు. అంటే చేత్తో రాసి కుట్టిన ఒకే ఒక్క ప్రతి. అది చీపురుపల్లి, నరసన్నపేట, నౌపడల్లో చేతులు మారుతూ తిరిగి, ఆఖర్న విజయనగరం పఠనమందిరానికి చేరాలి. చదివినవాళ్లు చివర వదిలిన ఖాళీ పేజీల్లో అభిప్రాయం రాయాలి. వాడి ప్రాణమంతా ఆ పేజీల మీదే.

వాడి రాత కోడి కెలికినట్టుంటుంది. అందుకని చీపురుపల్లి నుంచి రోజూ రైల్లో వచ్చే మా క్లాసు పద్మకుమారికి సాపు రాసే పని అప్పగించాం. మొదటి సంచికలో ముందున్నది గణపతిరావు కథే. ఉప్పుమడుల్లో పనిచేసే ఒక మనిషి గురించి. నిజం చెప్పొద్దూ, నాకే కాస్త కుళ్లు పుట్టింది.

ప్రతి తిరిగొచ్చింది. ముత్యాల్లాంటి అక్షరాలన్నాడు నౌపడ పాఠకుడు. ఈ దస్తూరీ ఎవరిదో గాని ఆ చేతికి దండం పెట్టాలన్నారు నరసన్నపేట మాస్టారు. కథ ఊసు ఒక్కరూ ఎత్తలేదు.

"పెళ్లికొడుకుని ఒగ్గేసి పందిరిని పొగుడుతన్నార్రా!" అని పళ్లు నూరాడు గణపతిరావు. "ఇంక ఆ పిల్ల సెయ్యి పడ్డానికి లేదు. వచ్చే సంచిక నేనే రాస్తాను."

"ఒరే, నీ రాత నీకే బోధపడదు కదరా," అన్నాను. వింటేనా!

ఆ సంచిక వెళ్లిన దారినే వెనక్కొచ్చేసింది. ఖాళీ పేజీలు ఖాళీగానే ఉన్నాయి. ఒక్కచోట మాత్రం, "కళ్లు పోయాయి. ఇలాగైతే మాకు పంపకండి" అని ఉంది. చదివేవాళ్లు మానుకుంటే పత్రికకి నూకలు చెల్లినట్టే. యూనివర్సిటీ చంపలేనిదాన్ని వీడే చంపేటట్టున్నాడు.

మొహం మాడ్చుకుని స్టేషనుకి వెళ్లాడు, తోడుగా నేను. పద్మకుమారి బెంచీ మీద రైలు కోసం చూస్తోంది.

"మళ్లీ మీరే రాయాలండి," అన్నాడు.

"రాస్తాను గాని ఒక మాట సెప్తాను. మీ కథ సాపు రాస్తన్నంతసేపూ నాకు కుళ్లుతో ఏడుపొచ్చీది. అందరూ నా అక్షరాలు పొగిడితే ఏటి లాభం? నేనూ ఒక కథ రాసేను. అది మీరు సాపు రాయాల. మీ కథ నేను రాస్తాను."

గణపతిరావు లోలోపల సంబరపడ్డాడు. తన రాతలో ఆమె కథ ఎవరు చదవొచ్చారు? కాని ఈ సంచిక కూడా వెనక్కొస్తే 'జీడిపూత' ఉండదు. అందుకని ఒళ్లు దగ్గర పెట్టుకుని, ఓనమాలు దిద్దే పిల్లాడిలా నాలుక బయటపెట్టి మరీ రాశాడు.

ఈసారి ప్రతి నౌపడ దాకా వెళ్లింది. తిరిగి రాగానే ప్లాట్‌ఫాం మీదే విప్పాడు. తన కథకి మళ్లీ అవే ముత్యాలు. పద్మకుమారి కథ గురించి నౌపడ పాఠకుడు ఇలా రాశాడు: "రాత ఘోరం. అయినా వదల్లేక మళ్లీ మళ్లీ చదివాను. మా ఆవిడకీ చదివి వినిపించాను."

గణపతిరావు మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. ఉన్నది ఒక్క ప్రతి. పఠనమందిరం వాళ్లు ఇంకా చూడనేలేదు. అది వాడి చేతుల్లో నలుగుతోంది.

"సింపేస్తావేట్రా?" అన్నాను.

వాడు జేబులోంచి పెన్ను తీసి, చివరి పేజీలో గబగబా ఏదో గీకాడు. తర్వాత తనే నడిచి వెళ్లి పఠనమందిరంలో ఇచ్చేశాడు.

ఆ గీతలేమిటో అక్కడ ఎవరికీ బోధపడలేదు. మర్నాడు పద్మకుమారి మాత్రం తడుముకోకుండా చదివేసింది:

"ఈ కథ నేను రాసి ఉండవలసింది."