ఎస్తేరు మోకాల్లో చప్పుడు

1999. అమలాపురంలో నేను ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టి అప్పటికి కొద్ది కాలమే అయింది. ఎముకల డాక్టరు గారి నర్సింగ్ హోమ్ పక్కన రెండు గదులు. ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టడమనీ, లేదంటే మాలీషనీ జనం అనుకునే రోజులవి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కొబ్బరిచెట్టు మీంచి పడి నడుము దెబ్బతిన్నవాళ్లు, పక్షవాతంతో చెయ్యి లేవనివాళ్లు, భుజం బిగుసుకుపోయి జడ వేసుకోలేని ఆడవాళ్లు. ఆటలాడేవాళ్లు వచ్చేవారు కారు. ఆటలో కాలు బెణికితే ఇంట్లోనే పట్టు వేసుకుని పడుకోవడం మా వైపు అలవాటు.

అందుకే ఆ వర్షాకాలం ఉదయం చంకల కింద కర్రలతో గడప దాటి వచ్చిన అమ్మాయి, "కబడ్డీ ఆడతానండి. మళ్లీ ఆడాలండి" అన్నప్పుడు చేస్తున్న పని ఆపి చూశాను.

పేరు ఎస్తేరు రాణి. మలికిపురం దగ్గర పల్లె. ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. వెనకాలే వాళ్లమ్మ సుగుణమ్మ గారు తడిసిన గొడుగు బయట పెట్టాలో లోపల పెట్టాలో తెలియక నిలబడ్డారు. ఆవిడ ఊళ్లోనే ప్రాథమిక పాఠశాల టీచరు.

ఎస్తేరు రైడర్. కూత పెట్టుకుంటూ వెళ్లి అవతలి జట్టువాళ్లను తాకి, వాళ్లకు దొరక్కుండా మధ్యగీత దాటి వెనక్కి రావడం రైడర్ పని. హైస్కూల్లో మొదలైన ఆట ఆమెను జిల్లా జట్టుకూ, అక్కణ్ణించి రాష్ట్ర జట్టుకూ తీసుకువెళ్లింది. చేతులు పట్టుకుని గొలుసులా చుట్టుముట్టే డిఫెండర్ల మీదుగా గెంతి బయటపడటంలో ఆమెకు మంచి పేరు. ఆ గెంతు చూసే ఒక ప్రభుత్వ శాఖ వాళ్లు స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం ఇచ్చారు. చేరిన మొదటి టోర్నమెంటులోనే, ఆ గెంతులోనే, నేల మీద దిగుతూ కుడి మోకాలు మెలిక పడింది.

తెగింది ఏ.సి.ఎల్. తొడ ఎముక కింద కాలి ఎముక ముందుకు జారిపోకుండా మోకాలి లోపల పట్టి ఉంచే తాడు లాంటి లిగమెంట్ అది. తెగితే దానంతటది అతుక్కోవడం కష్టం. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి, ఆమె కాలి నుంచే తీసిన నరం లాంటి పట్టీని ఆ చోట అమర్చారు. దాన్ని గ్రాఫ్ట్ అంటాం. అక్కడితో సర్జన్ పని అయింది, మా పని మొదలైంది.

"ఉద్యోగం ఇంకా ప్రొబేషన్లో ఉందండి," అన్నారు సుగుణమ్మ గారు. "వచ్చే సీజన్లో శాఖ జట్టులో ఆడితేనే ఖాయం చేస్తామన్నారండి. లేకపోతే ఇంటికేనండి."

"ఆడుతుందని ఇప్పుడే మాటివ్వలేనండి. నేను చెప్పినట్టు చేస్తే నడిపించే పూచీ మాత్రం నాది."

"నడవడానికైతే ఇంత దూరం రానండి," అంది ఎస్తేరు.

చెప్పినదానికి ఎన్నడూ ఎదురు చెప్పలేదు. మోకాలు వంచేటప్పుడు కళ్లలో నీళ్లు తిరిగినా పళ్లు బిగబట్టి వంచేది. ఇసుక మూట కాలికి కట్టి ఎత్తమంటే ఎత్తేది. కర్రలు వదిలింది, మెట్లెక్కింది, వేసవికల్లా గోదావరి ఇసుకలో పరుగెత్తింది. చిక్కిపోయిన తొడ కండ రెండో కాలితో సమానమైంది. సర్జన్ గారు కూడా చూసి, ఇక ఆడవచ్చు అన్నారు. నేను చాలా సంతోషించాను.

కానీ కొన్నాళ్లకు కోచ్ ప్రసాదరావు గారు క్లినిక్‌కు వచ్చారు. హైస్కూల్ నుంచీ ఎస్తేరుకు ఆట నేర్పిన మనిషి.

"ఒకసారి గ్రౌండుకి వచ్చి చూడండి మేడమ్ గారూ. మీరేమో బాగైపోయిందంటున్నారు, పిల్లేమో పట్టుబడకముందే కూర్చుండిపోతోందండి."

వెళ్లి చూశాను. ఆయన చెప్పింది నిజమే. కూతకు వెళ్లేటప్పుడు చిరుతలా వెళ్లింది, ఒకమ్మాయిని తాకింది కూడా. వెనక్కి తిరగబోతుంటే ఎవరో మడమ మీద చెయ్యి వేశారు. అది పట్టు కూడా కాదు. అయినా కూత ఆపేసి కింద కూర్చుంది. రెండోసారీ, మూడోసారీ అంతే. సెలెక్షన్లు దగ్గర పడుతున్నాయి. ఇలా ఆడితే ఎవరు తీసుకుంటారు?

మర్నాడు తల్లీకూతుళ్లను పిలిపించాను. ఎస్తేరును బల్ల మీద పడుకోబెట్టి లాక్‌మన్ పరీక్ష చేశాను. అంటే, తొడ ఒక చేత్తో పట్టుకుని కింది ఎముకను ముందుకు లాగి, లోపలి తాడు వదులైందేమో చూడటం. గట్టిగా ఉంది. వాపు లేదు. నొప్పి లేదంది. మరేమిటి? కాలు మడవమన్నాను, చాపమన్నాను. అప్పుడు గమనించాను. మడిచిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టి, తల కొంచెం పక్కకు తిప్పుతోంది.

"ఏం వింటున్నావమ్మా?" అన్నాను.

ఆ మాటకు వాళ్లమ్మ వైపు చూసింది.

"టక్కుమంటుందండి," అంది చివరికి. "కర్రలు వదిలేసిన కాణ్ణుంచీ అంటుందండి. ఆ రోజు గ్రౌండులో తాడు తెగినప్పుడు కూడా ఇలాగే వినబడిందండి, లోపల్నుంచి. ఇప్పుడు ఇది కూడా కొంచెం కొంచెంగా తెగిపోతోందండి."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"చెప్తే మళ్లీ కోస్తారు కదండీ. సీజను పోద్ది, ఉద్యోగం పోద్ది. అమ్మ నాకోసం సెలవులన్నీ వాడేసింది. చెప్పకపోతే ఎలాగోలా ఆ నాలుగు మ్యాచులూ ఆడేద్దామనుకున్నానండి. కానీ ఎవరైనా కాలు పట్టుకుంటే చాలండి, ఇప్పుడే తెగుద్దనిపిస్తుందండి."

సుగుణమ్మ గారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

నేను ఎస్తేరు మోకాలి చిప్ప మీద అరచెయ్యి ఉంచి, మడవమన్నాను. టక్కుమంది. చప్పుడు వస్తున్నది చిప్ప దగ్గర, గ్రాఫ్ట్ ఉన్న చోట కాదు. చిప్ప కింద ఎముక మీద జారేటప్పుడు వచ్చే ఇలాంటి చప్పుడును క్రెపిటస్ అంటాం. నొప్పీ వాపూ లేకపోతే దానికి భయపడనక్కర్లేదు. ఇదంతా ఆ పిల్లకు చెప్పాను. తలూపింది కానీ నమ్మలేదని ముఖంలోనే తెలుస్తోంది.

"సుగుణమ్మ గారూ, మీరిలా వచ్చి కూర్చోండి. కాలు చాపి మడవండి. ఎస్తేరూ, అమ్మ మోకాలి మీద చెయ్యి పెట్టు."

పెట్టింది. వెంటనే తీసేసింది. "అమ్మా! ఏంటిది, మరమరాలు నమిలినట్టుంది!"

"ఆయ్, మెట్లెక్కినప్పుడల్లా అంతే కదే. దానికేముంది?" అన్నారావిడ ఆశ్చర్యంగా.

"ఇప్పుడు నీ ఎడమ మోకాలి మీద పెట్టు," అన్నాను. దెబ్బ తగలని కాలది.

ఎస్తేరు ఎడమ కాలు మడిచింది. చిన్నగా టక్కుమంది. ఇంకోసారి మడిచింది. మళ్లీ టక్కుమంది. నా వైపు చూసి నవ్వడం మొదలుపెట్టింది, ఆ నవ్వులోంచే ఏడుపులోకి దిగింది. వాళ్లమ్మ లేచి కూతురి తల పొట్టకు హత్తుకున్నారు. నేను కిటికీ తెరిచే నెపంతో అటు తిరిగాను.

అయినా నా ఒక్కదాని మాట చాలదనుకుని విశాఖపట్నం సర్జన్ గారి దగ్గరికి మరోసారి పంపాను. ఆ రోజంతా పని చేస్తున్నానన్న మాటే గానీ, ఒకవేళ నా అంచనా తప్పైతే అన్న ఆలోచన వదల్లేదు. సాయంత్రం నర్సింగ్ హోమ్‌కు ఎస్టీడీ ఫోన్ వచ్చింది.

"చూసేరండి," అన్నారు సుగుణమ్మ గారు. "తాడు నిక్షేపంలా ఉందన్నారండి. చప్పుడుకి మందు కూడా అక్కర్లేదన్నారండి. పిల్ల ఇక్కడ బజ్జీలు తింటోందండి."

ఫోన్ పెట్టేసి పక్కనున్న కుర్చీలో అలా కూర్చుండిపోయాను. సిస్టరు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

తర్వాత మళ్లీ కింది నుంచి మొదలుపెట్టాం. పీట మీంచి గెంతడం, ఒంటికాలి మీద దిగడం, నేను మడమ పట్టుకుంటే లాక్కుని పోవడం. ఒకసారి నన్ను కూడా గది చివరిదాకా ఈడ్చుకుపోయింది. సెలెక్షన్ మ్యాచ్‌కు ప్రసాదరావు గారితో కలిసి నేనూ వెళ్లాను. గొలుసు కట్టి వస్తున్న ఇద్దరమ్మాయిల మీదుగా ఎస్తేరు లేచినప్పుడు నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి కాళ్ల మీదే ఉంది. వెనక నుంచి నలుగురు మీద పడ్డారు. ఆ కుప్ప కిందనుంచి ఒక చెయ్యి మాత్రం బయటికి వచ్చి మధ్యగీతను తాకింది. అందరూ లేచాక ఆమె కూడా లేచి, మోకాలి మట్టి దులుపుకుని తన చోటికి నడిచి వెళ్లింది. ప్రసాదరావు గారు నా భుజం మీద గట్టిగా ఒక్కటి చరిచి, వెంటనే "క్షమించండి మేడమ్ గారూ" అన్నారు.

ఉద్యోగం ఖాయమైంది. ఎస్తేరు శాఖ జట్టుకు కెప్టెన్ అయింది, ఏళ్ల తరబడి ఆడింది. 2006లో ఆట మానేసినప్పుడు స్వయంగా వచ్చి చెప్పింది: "మోకాలు 'ఇక చాలు' అనలేదండి, నేనే చాలనుకున్నాను." తర్వాత ఆ జట్టుకే కోచ్ అయింది.

కాలు బాగైతే మనిషి బాగైనట్టేనని చదువుకున్నాను నేను. ఎస్తేరు తర్వాత ఎవరిని పరీక్షించినా, చివర్లో ఒక మాట అడగడం అలవాటైంది: "మీకు దేని గురించి భయంగా ఉందండి?" చాలామంది ఏం లేదంటారు. ఒకప్పుడు కొబ్బరి దింపు తీసే, అంటే చెట్టెక్కి కాయలు కోసే పెద్దాయన ఒకాయన, భుజం పూర్తిగా నయమైనా చెయ్యి పైకెత్తలేనంటూ రోజూ వచ్చేవాడు. ఆయన్నీ అడిగాను. గుమ్మంలో కూర్చున్న కొడుకు వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించాడు.

"చెయ్యి లేస్తే మళ్లీ చెట్టెక్కమంటారండి. పడిన కాణ్ణుంచీ పైకి చూస్తేనే కళ్లు తిరుగుతున్నాయండి."

కొడుకును లోపలికి పిలిచి, నాన్నగారు ఇక చెట్టు ఎక్కకూడదని చెప్పాను. అతను "ఆయ్, అలాగేనండి. మేమూ ఎక్కనివ్వమండి" అన్నాడు. పెద్దాయన ఆ చేతిని నెత్తి దాకా ఎత్తి, నాకు నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.