తమ్ముడి కంటే చిన్నవాడైన మా తాతయ్య

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్న కంటే తమ్ముడే పెద్దవాడు. అన్న మా తాతయ్య, తమ్ముడు మా చిన్నతాతయ్య. ఇద్దరూ కంచరపాలెంలో పక్కపక్క వాటాల్లో ఉంటూ పోర్టు సరుకు లారీలు తోలేవారు. పనిలో చేరేటప్పుడు వయసు అడిగితే చిన్నతాతయ్య నిజం చెప్పాడు, మా తాతయ్య ఎనిమిదేళ్ళు మింగేశాడు. అందుకే తమ్ముడు వయసైపోయి ఇంట్లో కూర్చున్నా, అన్న మాత్రం కాగితం పుణ్యమా అని నవయువకుడిలా స్టీరింగు తిప్పుతూనే ఉన్నాడు. ఫిట్‌నెస్ కాగితం లారీకీ ఉండేది, తాతయ్యకీ ఉండేది. రెండింటినీ ఎవరూ స్టార్టు చేసి చూసిన పాపాన పోలేదు.

తాతయ్య కళ్ళకు శుక్లాలు కమ్మాయి. సెలవుల్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "రోడ్డు మీద ఏటేటి కనబడతన్నాయో సెప్పు, ఆటాడుకుందాం" అనేవాడు. నేను గేదె, సైకిలు, ముసలమ్మ అని అరిస్తే ఆయన బ్రేకు వేసేవాడు. ఆటలో నేనే గెలుస్తున్నానని మురిసిపోయేదాన్ని. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. తెలివితక్కువతనానికి వయోపరిమితి లేదు కదా.

చూపు మాట ఎత్తితే చాలు, తాతయ్య చెయ్యి లేచేది. కళ్ళు చూపించుకోమన్న మెకానిక్కు భుజం పానాతో విరగ్గొట్టాడు. అదే మాట అన్న నానమ్మ మీదికి కంచం విసిరాడు. ఆమె నుదుటికి మూడు కుట్లు పడ్డాయి. ఆ కుట్లు చూశాకే చిన్నతాతయ్య ఒక నిర్ణయానికి వచ్చాడు.

మర్నాడు పొద్దున్న, లారీలు ఆపే ఖాళీ స్థలంలో మేము బయలుదేరబోతుంటే చిన్నతాతయ్య తలుపు లాగి, నా జబ్బ పట్టుకుని కిందికి ఈడ్చేశాడు.

"నువ్వు దిగు గుంటా. అన్నియ్యా, ఈ గుంట లేకండా ఆ గేటు దాకా ఎల్లి సూపించు."

"నానేటి గుడ్డోడినా? తప్పుకోరా, నీ మీదకే ఎక్కించేత్తాను!" అంటూ తాతయ్య గేరు వేశాడు.

ఎదురెండలో, దారి మధ్యన, చిన్నతాతయ్య సైకిలు స్టాండు వేసి ఉంది. నేను అరవబోయాను. చిన్నతాతయ్య అరచేయి నా నోరు మూసేసింది. కొరికాను. నాలుకకు రక్తం ఉప్పగా తగిలినా ఆయన చెయ్యి తీయలేదు. లారీ తిన్నగా పోయి సైకిలును కూల్చి, ముందు చక్రాలతో ఒకసారి, వెనక చక్రాలతో ఒకసారి నలిపేసింది. ఇనుము విరిగిన చప్పుడుకు గానీ తాతయ్య ఆపలేదు.

పెద్దల మీద చెయ్యెత్తకూడదని నాకు నేర్పిన చిన్నతాతయ్యే పరుగున వెళ్ళి, అన్నను చొక్కా పట్టి దించి చెంప పగలగొట్టాడు. తాతయ్య సీటు కింది జాకీ రాడ్డు లాగి తిరిగి ఒక్కటి వేశాడు. తమ్ముడి నోట్లోంచి రక్తంతో పాటు పన్ను రాలింది. రాడ్డు మళ్ళీ లేచింది.

"సైకిలు తొక్కేసినావు అన్నియ్యా," అన్నాడు చిన్నతాతయ్య నెత్తురు ఉమ్ముతూ.

రాడ్డు గాల్లోనే ఆగింది. "దాని మీద ఎవుడున్నాడురా?"

చిన్నతాతయ్య మళ్ళీ నెత్తురు ఉమ్మాడు. తాతయ్య రాడ్డు వదిలేసి, మోకాళ్ళ మీద పడి లారీ కిందికి దూరాడు. చూస్తే కనబడదని ఆయనకు తెలుసు. అందుకే చక్రం చక్రాన్నీ చేతులతో తడిమాడు. విరిగిన చువ్వలు అరచేతుల్లో దిగుతున్నా వెతికాడు. "బాబూ" అని ఒకసారి, "అమ్మా" అని ఒకసారి పిలిచాడు. చక్రాల కింద ఉన్నది మగో ఆడో కూడా ఆయనకు తెలియదు మరి.

ఆఖరి చక్రం దాకా తడమనిచ్చి అప్పుడన్నాడు తమ్ముడు: "ఎవులూ లేరు. ఈపాలికి ఎవులూ లేరు."

తాతయ్య లారీ కిందే పడుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మధ్యాహ్నం అన్నదమ్ములిద్దరూ కట్లు కట్టించుకుని ఆఫీసుకెళ్ళి అసలు వయసు చెప్పి వచ్చారు. మా తాతయ్య ఒక్క పూటలో ఎనిమిదేళ్ళు పెద్దవాడయ్యాడు. నేనూ కాస్త పెద్దదాన్నయ్యాను. అన్నాళ్ళూ నేను ఆయనకిచ్చింది చూపు కాదు, చూపు లేకుండా తోలే ధైర్యం.

మొన్న కళ్ళ డాక్టరు మూడో వరుస చదవమన్నాడు. ఊహించి చెప్పగల గడుసుదనం నాకింకా ఉంది. అయినా "కనబడటం లేదు నాయనా" అనేశాను, ఆ వారమే నా స్కూటరు అమ్మేశాను. వయసుకు తగ్గ బుద్ధి అని మా అమ్మాయి మెచ్చుకుంది. బుద్ధి కాదు, భయం. లారీ కింద, లేని మనిషి కోసం వెతుకుతున్న ఆ రెండు చేతులు నాకింకా కనబడుతూనే ఉన్నాయి. వాటిని చూడడానికి ఏ కళ్ళద్దాలూ అక్కర్లేదు.