మిరప కల్లంలో అన్న మాట

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఎవరూ పంటను చూసి ‘అబ్బా’ అనేవాళ్లు కాదు. కల్లంలో మిరపకాయలు ఎర్రగా ఆరుతుంటే పెద్దవాళ్లు కూడా తల వంచుకుని పక్కనుంచి వెళ్లిపోయేవాళ్లు. మెచ్చుకుంటే దిష్టి తగులుతుందని భయం. పసిపిల్లనూ, పాలిచ్చే గేదెనూ, ఆరబోసిన కాయనూ చూసి నోరెత్తకూడదని మాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నేర్పారు.

అలాంటి ఊరికి మా ఇంగ్లీషు మాస్టారు వచ్చారు. ఆశ్చర్యాన్ని తెలిపే మాటలు చెప్పడం ఆయనకెంతో ఇష్టం. ఇంగ్లీషువాళ్లు ముందు ‘ఓహ్’ అనో ‘హుర్రే’ అనో అని, తర్వాతే సంగతి చెబుతారనేవారు. మేమేమో వాటిని ఎక్కం అప్పజెప్పినట్టు ఒకే రాగంలో చదివేవాళ్లం. సంతోషపు ‘హుర్రే’కీ, దుఃఖపు ‘అలాస్’కీ మా గొంతులో తేడా ఉండేది కాదు. పాపం, ఆయన తల పట్టుకునేవారు.

ఒకరోజు విసిగిపోయి మమ్మల్ని బడి వెనకున్న కల్లానికి తీసుకెళ్లారు. అది మా వీధి చివరి పెద్దమ్మది. భర్త పోయాక ఒంటి చేత్తో సేద్యం చేస్తోంది. ఆ పూట ఆమె అక్కడ లేదు, కూలీలే ఉన్నారు. చూసి మీకేమనిపిస్తే అది అనండర్రా అన్నారు మాస్టారు. అందరూ బిక్కమొహాలు వేశారు. పట్నం నుంచి వచ్చిన ఆయనకు మా ఊళ్లో ఆ భయం ఇంతుందని తెలియదు. ఆయన మెప్పు కోసం పడి చచ్చే నేను మాత్రం ఉండబట్టలేక, “వావ్! వాట్ ఎ బ్యూటిఫుల్ రెడ్!” అని గొంతెత్తి అరిచాను. మాస్టారి మొహం వెలిగిపోయింది. ఆ రోజంతా నా కాళ్లు నేల మీద లేవు.

మూడో రోజు అకాల వాన పడింది. కప్పడానికి పట్టాలు చాలక పెద్దమ్మ కాయంతా తడిసి, రంగు పోయి బూజు పట్టింది. ఏడాది కష్టం. బడివాళ్లెవరో కాయను చూసి అరిచారని కూలీలు చెప్పిన మాట పట్టుకుని ఆమె తిన్నగా బడి గుమ్మంలోకి వచ్చింది.

“నా కాయ మీద నోరు పెట్టిందెవర్రా? ఏ పాడు నోర్రా అది?”

నేను పుస్తకంలోకి తల దించేశాను. మాస్టారు నా వైపు ఒక్కసారి చూసి, లేచి నిలబడ్డారు.

“నేనేనమ్మా. పిల్లలకు పాఠం చెబుతూ అన్నాను.”

ఆమె తిట్టిన తిట్లన్నీ ఆయన చేతులు కట్టుకుని విన్నారు. ఆ తర్వాత ఊళ్లో ఎవరూ ఆయనతో సరిగా మాట్లాడలేదు. అద్దెకిచ్చిన గది ఖాళీ చేయమన్నారు. సాయంత్రం చదువుకు పిల్లల్ని పంపడం మానేశారు, మా నాన్నతో సహా. వేసవి రాకముందే ఆయన బదిలీ పెట్టుకుని వెళ్లిపోయారు. పొదిలి బస్సు ఎక్కేముందు నా తల నిమిరి, “ఆ రోజు నువ్వు బాగా అన్నావమ్మా” అన్నారు. తిట్టినా ఇంత బాధపడేదాన్ని కాదు.

ఇప్పుడు మా మనవరాలు ఫోన్ చూస్తూ పూటకు వందసార్లు వావ్ అంటుంది. దానికి దిష్టి భయం లేదు, సంతోషమే. నా కేకకు వాన రాలేదని నాకూ తెలుసు. అరిచినందుకు నాకు బాధ లేదు. బడి గుమ్మంలో నోరు మూసుకుని కూర్చున్నందుకే సిగ్గు. పెద్దమ్మా పోయింది, మాస్టారూ పోయారని విన్నాను. గుంటూరు దారిలో బస్సు కిటికీలోంచి ఎర్రటి కల్లం కనబడినప్పుడల్లా ‘నేనే పెద్దమ్మా, అన్నది నేనే’ అని లోపల అనుకుంటాను. పైకి అనడం ఈ వయసుకీ చేతకాలేదు.