మస్సూరీలో ఆ ఒక్క రోడ్డు

మా ఆఫీసులో శుక్రవారం మధ్యాహ్నం వచ్చిందంటే నాకు ఒళ్లు మండుతుంది. కాఫీ మెషీన్ పక్క గోడకి ఒక చార్టు అంటిస్తారు. పసుపు చీటీలు, పెన్నులు అక్కడే పెడతారు. ఈ వారం ఎవరు దేనికి కృతజ్ఞులో రాసి అంటించాలి. పోయిన వారం మా మేనేజరు ‘ఇంత మంచి టీమ్ దొరికినందుకు’ అని రాశాడు. ఆ ముందురోజే ఆ టీమ్‌లో ఒకమ్మాయి, అమ్మకి ఆపరేషన్ ఉందని సెలవు అడిగితే కుదరదన్నాడు. ఆ అమ్మాయి కూడా వచ్చి, ఆయన చీటీ కింద తన చీటీ అంటించి వెళ్లింది. దాని మీద నవ్వుతున్న బొమ్మ.

ఖాళీ చీటీ పట్టుకుని నిలబడ్డ నన్ను చూసి హెచ్ఆర్ పిల్ల దగ్గరికొచ్చింది. “కుఛ్ భీ లిఖ్ దీజియే మ్యామ్, బస్ పాజిటివ్ హో.” ఏదో ఒకటి రాస్తే చాలట, పాజిటివ్‌గా ఉండాలట. చీటీ జేబులో పెట్టుకుని, నోయిడా నుంచి వైశాలి దాకా మెట్రోలో పళ్లు నూరుకుంటూ వచ్చాను.

కృతజ్ఞత అంటే నాకు గిట్టదని కాదు. దాన్ని రోజూ టీతో కలిపి నా చేత తాగించిన మనిషి ఒకతి ఉంది. ఆమె గుర్తొస్తే ప్రేమా కోపమూ కలిసే వస్తాయి. ఏది ఎంతో విడదీసి చెప్పడం ఇప్పటికీ నా వల్ల కాదు.

ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో సివిల్స్‌కి చదివేటప్పుడు మేం ముగ్గురమ్మాయిలం ఒకే గదిలో ఉండేవాళ్లం. మూడు మంచాలు వేస్తే తలుపు సగమే తెరుచుకునేది. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. పీజీ ఆంటీ అప్పుడప్పుడూ వచ్చి, ఇదే గదిలో ఉన్న పిల్ల కలెక్టరయిందని చెప్పి మమ్మల్ని ఉత్సాహపరిచేది. ఆ కలెక్టరు పేరూ జిల్లా వచ్చినప్పుడల్లా మారిపోయేవి. మేం ఒకరినొకరం ఊరి పేర్లతోనే పిలుచుకునేవాళ్లం. ఒకతి వరంగల్, ఒకతి కాకినాడ, నేను కడప.

వరంగల్ మాలో ఆశావాది. సాయంత్రం లైబ్రరీ నుంచి టీకి బయటికొచ్చినప్పుడు ఆడటానికి ఆమే ఒక ఆట కనిపెట్టింది. ఒకరు ఇంటర్వ్యూ బోర్డు చైర్మన్, మిగతా ఇద్దరూ అభ్యర్థులు. ప్రశ్న ఎప్పుడూ ఒకటే. “ఇవాళ జరిగిన ఒక మంచి విషయం చెప్పండి మేడమ్.” వీపు నిటారుగా పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఫిర్యాదు అన్నది లేకుండా చెప్పాలి. చెప్పేదాకా టీ గ్లాసు ముట్టుకోకూడదు. టీ కొట్టు బల్ల మీద ముగ్గురు ఆడపిల్లలు బొమ్మల్లా బిగదీసుకుని కూర్చుంటే దారినపోయేవాళ్లు నవ్వేవాళ్లు కాదు. అక్కడ అందరూ అలాంటివాళ్లే.

సివిల్స్ చదివేవాళ్లకి ఒక జబ్బు అంటుకుంటుంది. కరువు మీద వ్యాసం రాసినా, అల్లర్ల మీద రాసినా చివరి పేరా ఆశతో ముగించాలని కోచింగ్‌లో నూరిపోస్తారు. దానికి ‘వే ఫార్వర్డ్’ అని పేరు. ఏళ్ల తరబడి అలా రాసీ రాసీ, మాట్లాడటం కూడా అలాగే తయారవుతుంది. వరంగల్‌కి జ్వరమొస్తే విశ్రాంతి దొరికింది అనేది. కరెంటు పోతే కళ్లకి మంచిది అనేది. మెస్సులో వారం పొడుగునా రాజ్మానే పెడుతున్నారని నేను మొత్తుకుంటే, “బలమేనాయె, తినరాదే. ఊకె శోకాలు పెడతవేందే” అనేది.

నేను ఆ ఆటలో ఎన్నడూ నెగ్గలేదు. “ఈ పొద్దు మంచేమీ జరగలా. టీ సల్లారిపోతాంది, తాగనీమ్మే” అనేదాన్ని. ఆశ లేని జవాబుకి సున్నా మార్కులని వరంగల్ నా గ్లాసు అవతలికి జరిపేది. కాకినాడ జవాబులు మాత్రం నాకిష్టం. “ఇవాళ ఫోన్లో మా అమ్మ నవ్విందే” అనేది. “లైబ్రరీలో నా కుర్చీ ఎవరూ తీసుకోలేదే” అనేది. చిన్న సంగతులే, కానీ ఒక్కటీ కల్పించి చెప్పేది కాదు.

వరంగల్ ఆశ ఎంత దూరం వెళ్లిందంటే, ఆఖరి ఫలితాలు రాకముందే ముగ్గురికీ మస్సూరీలో గది బుక్ చేసేసింది. నెగ్గినవాళ్లకి శిక్షణ ఇచ్చే అకాడమీ అక్కడే ఉంది. దాని గేటు ముందు ముగ్గురం ఫొటో దిగాలని ఆమె కోరిక. “ముగ్గురికీ వస్తది చూడు” అంది. నాకూ ఆమెకీ అదే ఆఖరి అవకాశం. తప్పితే మళ్లీ రాయడానికి వీల్లేదు.

ఫలితాలొచ్చాయి. కాకినాడకి వచ్చింది. మా ఇద్దరికీ రాలేదు.

నేను పరీక్షనీ కోచింగ్‌నీ ఢిల్లీనీ నోటికొచ్చినట్టు తిట్టి మంచమెక్కాను. వరంగల్ మొహం కడుక్కొచ్చి బట్టలు సర్దడం మొదలుపెట్టింది. “గది బుక్ చేసినం గదా, పోదాం. ఫలితాల ముచ్చట మాత్రం ఎవ్వరు ఎత్తొద్దు. మంచియే మాట్లాడుకుందాం” అంది. కాకినాడ తల ఊపింది. ఆ రోజు ఇంటి నుంచి ఫోన్ వచ్చినప్పుడు ఆ పిల్ల బాత్రూంలోకి వెళ్లి, కుళాయి విప్పి మాట్లాడింది. అన్నేళ్లు కష్టపడి సాధించినదాన్ని కన్నతల్లికి చెప్పుకోవడానికి నీళ్ల చప్పుడు అడ్డం పెట్టుకుంది. మంచం మీద నుంచి అది విన్న నాకు, ఎందుకో, నా ఓటమి కంటే అదే ఎక్కువ మంట పుట్టించింది.

కశ్మీరీ గేట్‌లో డెహ్రాడూన్ బస్సెక్కాం. దారి పొడుగునా వరంగల్ థ్యాంక్స్ చెబుతూనే ఉంది. కిటికీ సీటు దొరికినందుకు, డ్రైవరు మెల్లగా పోనిస్తున్నందుకు, ధాబాలో పరాఠా వేడిగా ఉన్నందుకు. బస్సు ఆపించి, దిగి వెనక్కి నడిచిపోదామనిపించింది నాకు.

మస్సూరీలో మాల్ రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగాం. కాల్చిన మొక్కజొన్న తిన్నాం, రోప్‌వే ఎక్కాం, కొనని శాలువాలు బేరమాడాం. లైబ్రరీ చౌక్ నుంచి ఒక రోడ్డు అకాడమీ వైపు పైకి వెళ్తుంది. ఆ మలుపు దాకా వచ్చేసరికి వరంగల్‌కి ఏదో ఒక దుకాణం గుర్తొచ్చేది, మమ్మల్ని వెనక్కి తిప్పేది. కాకినాడ తిరిగేది గానీ, తిరిగే ముందు ఒక్కసారి ఆ రోడ్డు వైపు చూసేది. అడుగుదామని కాదు, ఊరికే చూసేది.

మర్నాడు పొద్దున్న అదే చౌక్‌లో టీకి కూర్చున్నాం. వరంగల్ చైర్మన్. కాకినాడని అడిగింది. “ఇవాళ జరిగిన ఒక మంచి విషయం చెప్పండి మేడమ్.”

కాకినాడ ఒక్కసారి ఆ పైకెళ్లే రోడ్డు వైపు చూసింది. “పొగమంచు బాగుందే,” అంది.

ఈ ఆటలో కాకినాడ అబద్ధం ఆడటం నేనెప్పుడూ వినలేదు. నాకు ఇంక ఆగలేదు.

“పొగమంచా?” అన్నాను. గ్లాసు బల్ల మీద కొట్టినట్టు పెట్టేసరికి టీ భయ్యా తిరిగి చూశాడు. “ముగ్గురిలో ఒక్కదానికి మంచి జరిగింది. దాన్ని గొంతులో కుక్కుకోని పొగమంచు బాగుందంటావా? నువ్వేమో,” అని వరంగల్ వైపు తిరిగాను, “జరమొస్తే థ్యాంక్స్ చెప్తావు, కరెంటు పోతే థ్యాంక్స్ చెప్తావు. నిజంగా మంచి జరిగితే మాత్రం నోరెత్తద్దంటావు. ఇదేం కృతజ్ఞతమ్మే? ఎవురి కోసం ఇది?”

కాకినాడ, “మీరు బాధపడతారని కదే,” అంది.

“పడతాం. పడనీ. మా బాధ యాడికీ పోదు. నువ్వు నోరు మూసుకున్యావని అది తగ్గుతాదా?”

దాని చెయ్యి పట్టుకుని లేవదీశాను. టీ అక్కడే వదిలేసి పైకి నడిచాం. దారంతా తిడుతూనే ఉన్నాను, ఎత్తుని, హారన్ కొట్టే టాక్సీలని, చేతులు పట్టుకుని నడిచే కొత్త జంటలని. వరంగల్ ఆయాసపడుతూ వెనకాలే వచ్చింది. దుకాణాల మాట ఎత్తలేదు.

గేటు దగ్గర గార్డు చెయ్యి ఊపాడు, అక్కడ ఆగకుండా ముందుకి నడవమని. “భయ్యా, ఏ అఫ్సర్ బన్‌నే వాలీ హై” అన్నాను, ఈ పిల్ల ఆఫీసరు కాబోతోందని కాకినాడని చూపించి. “సబ్ యహీ బోల్‌తే హైఁ,” అన్నాడు. అందరూ అదే చెప్తారట. దాంతో నాకు ఇంకా తిక్క రేగింది. గేటుకి ఎదురుగా, రోడ్డుకి ఈ పక్కన కాకినాడని నిలబెట్టి నేనే చైర్మన్‌నయ్యాను.

“ఇవాళ జరిగిన ఒక మంచి విషయం చెప్పండి మేడమ్.”

అలవాటు కొద్దీ దాని వీపు నిటారుగా అయింది. “నాకు వచ్చింది,” అంది, గేటుకి వినపడకూడదన్నట్టు.

“వినపడలేదు మేడమ్.”

“నాకు వచ్చిందే. నేను ఇక్కడికి వస్తానే,” అంది. అని చున్నీలో మొహం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. ఫలితాలొచ్చాక ఆ పిల్ల సంతోషపడటం అదే మొదలు.

తర్వాత వరంగల్ వంతు. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. “మంచేం లేదు మేడమ్,” అంది. “నాకు రాలె. మస్తు కోపమొస్తుంది. ఇన్నేండ్లు ఎటు వొయినయో తెలుస్తలేదు.”

చివరి పేరా కోసం నేను ఎదురుచూశాను. రాలేదు. అన్నేళ్లలో ఆమె మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

కాకినాడ ముక్కు తుడుచుకుని నా వైపు తిరిగింది. “కడప మేడమ్, మీరు?”

“కోపం తగ్గలేదు,” అన్నాను. “తగ్గేట్టు కూడా లేదు. కానీ ఈ కోపంతో నన్ను ఒంటరిగా ఉండనియ్యలేదు మీరు. అది మంచిదే.”

“ఇంక టీ తాగొచ్చు మేడమ్,” అంది. కింద మేం వదిలేసిన టీ ఎప్పుడో చల్లారిపోయి ఉంటుంది. కిందికి దిగి వేరే టీ చెప్పుకున్నాం.

ఆ గేటు ముందు దిగిన ఫొటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఒకతి మొహం ఉబ్బి ఉంటుంది, ఒకతి ఎటో చూస్తుంటుంది, నా కనుబొమలు ముడిపడి ఉంటాయి. కాకినాడ ఇప్పుడు ఎక్కడో కొండల జిల్లాలో పనిచేస్తోంది. వరంగల్ హైదరాబాదులో పిల్లలకి వ్యాసం రాయడం నేర్పుతోంది. చివరి పేరా గురించి చెప్పే ముందు, మొదటి పేరాలో నిజం రాయమంటుందట.

మొన్న శుక్రవారం మళ్లీ చార్టు అంటించారు. సెలవు దొరకని ఆ అమ్మాయి మళ్లీ నవ్వు బొమ్మ గీస్తోంది. పక్కకి వెళ్లి, “గుస్సా నహీఁ ఆయా?” అని అడిగాను. సెలవు ఇవ్వనందుకు కోపం రాలేదా అని. ఆమె అటూ ఇటూ చూసింది. పెన్ను చేతిలోనే ఉంది.

“బహుత్,” అంది. చాలానే వచ్చిందట.

“పద, కిందికెళ్లి టీ తాగుదాం,” అన్నాను.