గునుగు మొక్కలూ, నా కాబోయే డాక్టరేటూ

మా విభాగంలో కొత్తగా పరిశోధనకు చేరినవాళ్ళకు నా గునుగు మొక్కల కథ చెప్పాకే పని అప్పగిస్తారు. ఎవరో చిలవలు పలవలు అల్లి చెప్పేకంటే, నా పరువు నేనే తీసుకుంటే మర్యాదగా ఉంటుందని ఇది రాస్తున్నాను.

అప్పట్లో నేను తెనాలి నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో యాదమ్మగారి మేడ మీద గదిలో కిరాయికి ఉండేవాణ్ణి. బీడు మొక్కలూ, వాటి తెగుళ్ళూ నా పరిశోధన. ఈ రెండూ ఒకేచోట తరాల తరబడి పోట్లాడుకుంటే, తెగులు పదును పెంచుకున్నకొద్దీ మొక్క కూడా తట్టుకోవడం నేర్చుకుంటుందని నా వాదన. తుర్కయంజాల్ బీడులో గునుగుకు ఏటా ఆకుమచ్చ తెగులు వస్తుంది. అబ్దుల్లాపూర్‌మెట్ వైపు ఆ బెడద లేదు. రెండు చోట్ల విత్తనాలూ తెచ్చి, మేడ మీద కుండీల్లో రెండు వరసలుగా పెంచి, అన్నిటి మీదా తెగులు కలిపిన నీళ్ళు చల్లాను.

యాదమ్మగారు ముక్కున వేలేసుకున్నారు. "బతుకమ్మల పేర్చే పువ్వుకు రోగం అంటిస్తవా? ఏం సదువు బిడ్డా గిది?"

"అది కాదమ్మా! ఈ తుర్కయంజాల్ వరసకి మచ్చలు రాకపోతే నాకు డాక్టరేటు వచ్చినట్టే!"

"ఒస్తే?"

"రేపట్నుంచి మీ మేడ మీద డాక్టరుగారు ఉంటారు."

ఆవిడ ఆ వరసకేసి చాలాసేపు చూశారు. ఆ చూపును అర్థం చేసుకునేంత చదువు నాకు లేదు.

తర్వాత అద్భుతం జరిగింది. అబ్దుల్లాపూర్‌మెట్ వరస ఒళ్ళంతా మచ్చలు. తుర్కయంజాల్ వరస పెళ్ళికూతురిలా నిగనిగలాడుతోంది! ఆలు లేదు చూలు లేదు, అప్పుడే నా గది తలుపు మీద సుద్దముక్కతో పేరుకు ముందు 'డాక్టర్' అని రాసుకున్నాను. ఎల్‌బీ నగర్‌లో ఉండే మా గైడుగారిని వచ్చి చూడమని ఆదివారం పొద్దున్నే పిలిచాను.

ఆయన వంగి చూశారు. "ఏమోయ్, ఈ వరసకి కింది ఆకులేవీ?"

నేనా తగ్గేది? "అదే సార్ గొప్పతనం! తెగులు సోకిన ఆకుని మొక్క తనే రాల్చేస్తుంది. మిగతా ఒంటి కోసం త్యాగం!"

"రాలిన ఆకు ఒక్కటీ కనిపించదేం?"

"గాలికి పోయుంటాయి సార్..."

"గాలి కాదు సారూ, నేనే తెంపిన," అంటూ చాయ్ గ్లాసులతో యాదమ్మగారు పైకొచ్చారు. "పిలగాడు కాలేజీకి పోంగనే ఈ వరసల ఒక్కొక్క ఆకు చూస్త. మచ్చ కనవడ్డదంటే తెంపుడే! మా ఇంట్ల ఉండి ఫెయిలైతడా?"

గైడుగారు నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. వానాకాలమంతా చేసిన పని మట్టిపాలైంది. అయినా ఆవిడ మీద కోపం రానే లేదు. సొంతూరు వదిలి వచ్చాక నా కోసం రోజూ అంత శ్రమ పడినవాళ్ళు ఇంకెవరున్నారు?

"పోనీ, తెంపిన ఆకులైనా ఉన్నాయా అమ్మా? వాటినైనా లెక్కలోకి తీసుకుంటాను."

"ఏడుంటయ్ బిడ్డా? మచ్చ కాడికి గిల్లేసి, కడిగి పప్పుల ఏసిన. గిన్నెడు నీకిస్తే, మస్తుందని ఇంకింత అడిగినవు గద!"

పరిశోధన ఫలితాలను నెయ్యి వేసుకుని తిన్న మొదటివాణ్ణి బహుశా నేనే. మళ్ళీ విత్తనాలు నాటేముందు గైడుగారి సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఏ మొక్క గెలవాలని కోరుకుంటున్నానో, నా మేలు కోరే మనిషికి ఈ జన్మలో చెప్పను. నోరు జారి చెప్పానా, ఆ ఇంట పప్పు ముట్టను!